అమ్మ పాసైంది

పటాన్‌చెరు బస్టాండు ఎదుటి ఎస్టీడీ బూత్‌లో నుంచి మస్కట్‌లో ఉన్న తండ్రికి ఫోను కలిసేసరికి ఆ పిల్ల నోట మాట ఆగలేదు. తల్లి మాత్రం లోపలికి రాకుండా అద్దం తలుపు బయటే నిలబడింది.

"నాయినా, అమ్మ పది పాసైంది."

"నిజమేనా బిడ్డా?"

"పేపర్ల నంబర్ పడ్డది. నేనే మూడుసార్లు సూసిన. వాడకట్టంత చక్కెర పంచినం."

"మస్తు సంబురమైంది. జెర మీ అమ్మకు ఫోనియ్యి."

"అందరున్నరని సిగ్గుపడుతున్నది. బయట నిలవడి నవ్వుతున్నది."

"సరే. మరి నీ నంబర్?"

"అమ్మకు సెకండ్ క్లాస్ నాయినా."

"నీదేమైందే?"

"సారు ఇంటికొచ్చి అమ్మకు దండం పెట్టిండు."

"బిడ్డా."

ఆమె ఫోను తీగను వేలికి చుట్టుకుంది. ఫెయిలైతే చదువు బందు, మందుల కంపెనీలో ప్యాకింగ్ పనే అని తండ్రి విమానం ఎక్కే ముందు చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు.

"పోయింది. లెక్కలొక్కటే."

"మీ అమ్మ నీ ముందు బెంచీలనే కూసున్నదని ఉత్తరంల రాస్తివి గద. జెర సూసి రాయకపోయినవా?"

"సూస్తనని కొంగు అడ్డం పెట్టుకొని రాసింది నాయినా."

అవతల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"గట్లయితే కంపెనీ వద్దు. అమ్మ కాడనే లెక్కలు నేర్సుకొని మల్ల రాయి."

"అడిగిన."

"ఏమన్నది?"

"రోజూ బాసన్లు తోమితే చెప్తదంట."