తూకం గుండు అక్కర్లేని మేస్త్రి

గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఈ టీకొట్టు అమ్మాయి వెనకాల గది కట్టిస్తుందట, పని నాకివ్వాలా మా బావమరిదికివ్వాలా అని ఆలోచిస్తోందట. ఆలోచించడానికేముంది? వాడు తాడుకి కట్టిన తూకం గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో చూసుకోకుండా నాలుగిటుకలు పేర్చలేడు. నలభై ఏళ్లలో నేనా గుండు ముట్టలేదు. నా కన్నే గుండు.

మొదట్లో మామూలుగానే ఉండేది. గోడ చూసి వేలెడు వాలిందంటే, కొలిస్తే వేలెడే ఉండేది. తర్వాత ముదిరింది. ఓసారి బస్సులో పోతూ కిటికీలోంచి ఓ మేడ చూసి, పైన వెంట్రుకవాసి పక్కకి పోయిందన్నాను.

"బస్సు ఆపారా?" అన్నాడు ఇక్కడే బెంచీ మీద టీ తాగుతున్న కండక్టరు.

ఆపక? ఇంజనీరు మిషను తెచ్చి కొలిచి, సరిగ్గానే ఉందన్నాడు. మిషను ఇలా తెమ్మన్నాను. అదే వాలి ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీవాళ్లొచ్చి నన్ను తీసుకుపోయి నిలబెట్టి, నన్ను చూసి మిషన్లన్నీ సరిచేసుకున్నారు. మూడు రోజులు కదల్లేదు.

"మరి తిండి?"

నిలబడే తిన్నా. తల ఒకవైపు ఒరుగుతుందని రెండు దవడలతో సమానంగా నమిలాను. ఇంకోచోట నేను కట్టిన గోడ వాలిందని గోల చేశారు. చూద్దును కదా, గోడ నిటారే, ఊరే వాలింది. పుట్టినప్పట్నుంచీ అలవాటై వాళ్లకి తెలీలేదు. అందరి చెప్పులూ ఎడంవైపే అరిగి ఉన్నాయి.

మా బావమరిదికి ఇవన్నీ అర్థం కావు. తన పని తనకెప్పుడూ బాగానే కనిపిస్తుంది, అదో జబ్బు. నాకది లేదు. వాడు నలుగురిలో నా వరండా గోడకి గుండు వేలాడదీసి చూపించి పంతొమ్మిదేళ్లయింది, ఎప్పుడో మర్చిపోయాను. ఈ అమ్మాయి మీదా కోపం లేదు, పదకొండేళ్లుగా అందరికీ నిండా పోసి నాకు మాత్రం ముప్పావు గ్లాసే ఇస్తున్నా సరే.

ఆ మాటకి ఆ అమ్మాయి ఒక గ్లాసు నిండా పోసి, తెచ్చి నేను కూర్చున్న గట్టు మీద నా పక్కన పెట్టింది. టీ అంచు దాటి నా పంచె మీదికి జారింది.

"ఈ గట్టు నువ్వు కట్టిందే బాబాయ్. అందరూ బెంచీల మీద కూర్చుంటారు, నువ్వొక్కడివే దీని మీద పెట్టుకు తాగుతావు. ముప్పావు పోస్తేనే ఒలకదు."

గది పని మా బావమరిదికే ఇస్తానంది. కండక్టరు బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చాడు. నేను లేవలేదు. పంచె పిండుకుని చెప్పాను.

"సరేనమ్మా. పని మొదలెట్టేముందు వాణ్ణి ఆ గుండు నా దగ్గరికోసారి తెమ్మను. అది నిటారుగా వేలాడుతోందో లేదో చూసి చెప్తాను."