బేకరీ తలుపు

"ఇదిగో, అందరి ముందూ చెప్తున్నా. ఈ పూటతో ఆ మోడ్ పీకి పారేస్తున్నా. మళ్లీ నన్నెవరూ బతిమాలొద్దు," అని జిరాక్స్ షాపతను టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"ఎవరూ బతిమాలట్లేదులే తమ్ముడూ," అంది టీ కొట్టు అక్క, ఒలికిన టీ తుడుస్తూ. పక్కన కూర్చున్న జిరాక్స్ షాపతని బావ, రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే మనిషి, ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. వ్యాన్ డ్రైవరే ఊరుకోలేక, "మోడ్ అంటే ఏంటి గురూ?" అన్నాడు.

"అదీ, అలా అడగాలి! ఎవరో చేసిన గేమ్ ఉంటుందన్నా, దాని కడుపులో చెయ్యి పెట్టి మనకి నచ్చినట్టు మార్చి, ఆడేవాళ్లకి ఊరికే ఇచ్చేస్తాం. పైసా రాదు. మా ఆవిడైతే, ఆ కంప్యూటర్నే కట్టుకోకపోయారా అంటుంది. సరే, నేను ఆడే గేమ్‌లో ఒక ఊరుంది. వీధులు, మేడలు, షాపులు, అన్నీ ఉంటాయి, ఒక్క తలుపు తెరుచుకుంటే ఒట్టు! అన్నీ గోడ మీద గీసిన బొమ్మలే. మూల మీద ఒక బేకరీ, అద్దంలో లైటు వెలుగుతూనే ఉంటుంది, తోస్తే కదలదు. ఒళ్లు మండింది. రెండేళ్ల ఆదివారాలు తగలేసి తెరిచా ఆ తలుపు. కిర్రుమని తెరుచుకుంటుంది. ఆ కిర్రు మా బాత్రూం తలుపుదే, ఫోన్లో రికార్డు చేశా."

"ఒక్క తలుపేనా?"

"ఒక్క తలుపేనా అంటావేంటన్నా! ఫైలుని ఆన్‌లైన్‌లో నా డ్రైవ్‌లో పెట్టి, ఆడేవాళ్ల గ్రూపులో లింకు పడేశానా, టీ తాగి వచ్చేసరికి జనం విరగబడ్డారు. తియ్యడం, వెయ్యడం, తియ్యడం, వెయ్యడం, ఆఫీసులు మానేశారు. ఓడ నడిపే కెప్టెన్ ఒకాయన ఈ తలుపు దగ్గరే కూర్చుండిపోయి, ఓడని నడిసముద్రంలో ఆపేశాడు. వెనకాల ఓడలన్నీ ఒకటే హారన్లు! అక్కడితో ఆగిందనుకున్నారా? దొంగలు మారిపోయారు. వాళ్ల సరదా పరాయి తలుపు తెరవడమే కదా, అదేదో నా దగ్గరే తీరిపోతుంటే ఇక గోడలు దూకడం ఎందుకు? దొంగలు లేకపోయేసరికి తాళాలు కొనేవాళ్లు లేరు. తాళాల కంపెనీలు మూతపడ్డాయి. ఆ ఓనర్లు వరసగా మా షాపు ముందు నిలబడి, బాబూ, మీ తలుపుకి చిన్న గొళ్లెమైనా పెట్టండి, పిల్లలుగలవాళ్లం అని కాళ్లావేళ్లా పడ్డారు."

"ఎప్పుడు పడ్డారు? నేను రోజంతా ఎదురుగానే ఉంటాగా," అంది అక్క.

"నువ్వు పాలకి వెళ్లినప్పుడు! మధ్యలో అడ్డం రాకక్కా."

"ఇంత పేరొచ్చాక పీకెయ్యడం దేనికి మరి?" అన్నాడు డ్రైవర్.

"దేనికా? ఇంతమందిలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, బాగుంది అని రాశాడా? మూడక్షరాలు! పోనీ తిట్టినా సంతోషించేవాణ్ని, కిర్రు ఎక్కువైందిరా వెధవా అని. వీళ్లేం రాస్తారో తెలుసా? 'పర్మిషన్ ఇవ్వండి సార్.' ఎవణ్ని చూసినా అదే. ఆడుకోవడానికి కూడా నన్నడగాలా, అంత భక్తా! ఆడుకోండి నాయనలారా అని రాశా. మళ్లీ 'సార్, పర్మిషన్.' ఒకడైతే పక్కన దండం బొమ్మ కూడా. గౌరవానికైనా ఒక హద్దుండాలి కదా! విసుగొచ్చి ఆ గ్రూపు చూడ్డమే మానేశా. ఈ భజన కోసం ఎవడు ఆదివారాలు పాడుచేసుకుంటాడు? ఇదిగో, డిలీట్ కొట్టేస్తున్నా."

ఫోనైతే తీశాడు గానీ వేలు బటన్ మీదికి పోవడం లేదు. అప్పుడు బావ తలెత్తాడు.

"కొట్టేముందు ఒక్క మాట. ఆ ఓడ కెప్టెన్ ఎలా ఆడాడురా?"

"ఎలా ఏంటి బావా, లింకు నొక్కి దించుకుని ఆడాడు."

"నేనూ నొక్కాను పోయిన వారం, ఇంట్లో మీ అక్క పోరు పడలేక. 'ఈ ఫైలు చూడ్డానికి మీకు పర్మిషన్ లేదు, ఓనర్‌ని అడగండి' అని వచ్చింది. అడిగాను. ఆ దండం బొమ్మ నాదే."

డ్రైవర్‌కి టీ ముక్కులోకి పోయింది.

"ఫైలు నీ ఒక్కడికే తెరుచుకునేలా పెట్టుకుని కూర్చున్నావు," అన్నాడు బావ. "ఇంతవరకు ఒక్కడూ ఆ మోడ్ ఆడలేదు. వాళ్లది భజన కాదురా, పాపం బయట నిలబడి బతిమాలుతున్నారు."

"అది... సెక్యూరిటీ కోసం నేనే..." అని గొణుగుతూ జిరాక్స్ షాపతను ఫోన్ మీదికి వంగాడు. సెట్టింగు వెతికి, 'అందరికీ' అని ఉన్నచోట నొక్కాడు. తర్వాత గ్రూపు తెరిచి పైకి జరుపుతూ పోయాడు. ఎంత జరిపినా అడిగినవాళ్లు వస్తూనే ఉన్నారు.

"ఇంతమందా!" అన్నాడు. అంత చిన్న గొంతు అతనికి ఉందని ఆ కొట్టులో ఎవరికీ తెలియదు.

"తెరిచావుగా. ఇప్పుడు చెప్పు, ఆ బేకరీ లోపల ఏముంది?"

"లోపలా?" అతను గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. "లోపల ఇంకా ఏం పెట్టలేదు బావా. తలుపు తెరుచుకుంటుంది, అంతే. ఎవరూ చూడట్లేదు కదా అని ఊరుకున్నా."

"మరి ఇక్కడ కూర్చున్నావేంట్రా? అవతల జనం వచ్చేస్తున్నారు, వెళ్లి నాలుగు బన్నులైనా పెట్టు!"