నీళ్ళకు దర్భ వేసిన కోడలు

నాంచారమ్మ అని ఒక కోడలంట. గుల్లలదిబ్బలో కాపరం. సముద్రం అక్కడికి కూతవేటు దూరం అనుకో. ఊరంతా ఇసుకే, కాలు పెడితే చీలమండ దాకా దిగబడుద్ది. ఆ ఇసుకలో బావి తవ్వితే నిలవదు, కూలిపోద్ది. అందుకని ఏం చేస్తారంటే, పల్లపు చేలల్లో వెడల్పుగా గుంట తవ్వుకుంటారు, దాన్ని దొరువు అంటారు. మనిషి లోతు తవ్వేసరికి తియ్యటి నీళ్ళు ఊరతాయి. స్వామి లీల చూడండి, అటు అంత ఉప్పు సముద్రం, ఇటు ఇంత తీపి. కానీ ఆశపడి ఇంకో రెండు మూరలు లోతుకు పోయారా, అక్కడ ఉప్పే. పాల మీద మీగడ ఉంటదే, అట్టా ఉప్పు మీద తేలతా ఉంటదన్నమాట ఆ తీపి. మీగడ ఎంతసేపు నిలుస్తది చెప్పండి, చెయ్యి పెడితే చెదిరిపోదూ? ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరికీ బెంగ లేదు. రోజూ ఉండేదాని మీద బెంగ ఎవరికి ఉంటది?

నాంచారమ్మకు ఒక్కదానికే ఉండేది. ఎందుకంటే ఆమె పుట్టిల్లు కూడా సముద్రం ఒడ్డే. ఆమె పుట్టకముందు అక్కడ ఉప్పెన వచ్చిందంట. వాళ్ళమ్మ చెప్తా ఉండేదంట, "అమ్మాయీ, ఆ ఏడు నీళ్ళల్లో పడి పోయినవాళ్ళు పదిమంది, నీళ్ళు దొరక్క పోయినవాళ్ళు ముప్పైమంది" అని. అది చెవిలో పడ్డ పిల్ల, మరి ఊరికే ఉంటదా? కాపరానికొచ్చిన నెలలోనే పెరట్లో ఎత్తు మీద ఏడు కడవలు మెడ దాకా ఇసుకలో పాతేసింది. పాతితే నీళ్ళు చల్లగా ఉంటాయి, గాలికి దొర్లిపోవు. వాటి నిండా దొరువు నీళ్ళు వడగట్టి పోసి, మూతికి ఉతికిన గుడ్డ కట్టి, పైన మూకుడు బోర్లించి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తేది. ఇంక ఆ నీళ్ళు అట్టాగే పడి ఉంటాయా అంటే, ఉండవు. వారానికి ఒక కడవ విప్పి వాడేసి, కడిగి ఎండబెట్టి, మళ్ళీ కొత్తనీళ్ళు పోసేది. ఏది పాతదో ఏది కొత్తదో తెలియడానికి మూకుడు మీద సున్నం బొట్లు. ఎనిమిదో వారానికి మళ్ళీ మొదటి కడవ. అదొక నోములాగా పెట్టుకుంది. పోసేటప్పుడు నోట్లో స్వామి నామం ఉండేదంట, చప్పుడు మాత్రం బయటికి రాదు.

పక్కింటి తిరపతమ్మ, పురుళ్ళు పోసే మనిషి, నోరు పెద్దది, గోడ మీంచి చూసి ఒకటే నవ్వు. "ఏమే అచ్చమ్మా, నీ కోడలు కుండల్ని పాతిపెడతందే, మొలకెత్తితే నాకూ రెండు ఇయ్యండి" అనేది. అచ్చమ్మంటే అత్తగారు. మడీ ఆచారం ఉన్న మనిషి, చెడ్డది కాదు, మాటే కరుకు. "దాని పుట్టింట్లో నీళ్ళకి కరువేమోలే" అనేది. నాంచారమ్మ నవ్వి ఊరుకునేది. మొగుడు బాపయ్య కూడా నవ్వేవాడు గానీ, కడవ దించేటప్పుడు మాత్రం చెయ్యి వేసేవాడంట. మంచోడే.

ఇట్టా ఉండగా ఏమైందంటే, కార్తీక అమావాస్యకి సూర్యగ్రహణం వచ్చింది. మధ్యాహ్నం పట్టి సాయంత్రం విడుస్తది. ఇంట్లో ఆడబిడ్డ శేషమ్మ పురిటికి వచ్చి ఉంది, నెలలు నిండినాయి, రేపో మాపో అన్నట్టుంది. కడుపుతో ఉన్నదానికి గ్రహణమంటే ఎంత భయమో మీకు చెప్పాలా? చీకటి గదిలో పడుకోబెట్టి తలుపు సందులకి దుప్పట్లు కట్టింది అచ్చమ్మ. శరభయ్య పంతులు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి ఇంటికో గుప్పెడు దర్భ ఇచ్చి, "పచ్చళ్ళ మీద, పాల మీద, నెయ్యి మీద వేసుకోండమ్మా. నీళ్ళు మాత్రం విడుపు కాగానే పారబోయండి. ఇత్తడైతే తోముకోండి, మట్టైతే పగలగొట్టుకోండి" అని చెప్పిపోయాడు. అందరూ అదే చేశారు. ఎందుకు చెయ్యరు? పచ్చడి ఏడాది కష్టం. నీళ్ళదేముంది, రేపు పొద్దున దొరువు కాడికి పోతే కడవెడు.

నాంచారమ్మ ఆ గుప్పెడు దర్భ చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడిందంట. మబ్బు చూసింది. రెండ్రోజుల్నుంచీ తూర్పుగాలి, సముద్రం హోరు మారింది. అసలే అమావాస్య పోటు. దర్భ చూస్తే ఇంతే ఉంది. అటు జాడీలు, ఇటు కడవలు. దేవుడి పటం వంక చూసి దణ్ణం పెట్టుకుంది. గబగబా పెరట్లోకి పోయి ఒక్కో కడవ మూతి మీద రెండేసి పోచలు పెట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తేసింది. అయిపోయింది దర్భ. జాడీలకి ఒక్క పోచ మిగల్లేదు.

విడుపు స్నానాలు చేసి వచ్చిన అచ్చమ్మ ముందు జాడీలే చూసింది. చూసి, "దర్భేదే?" అంది. "నీళ్ళ మీద వేశానత్తా." "నీళ్ళ మీదా? ఏడాది ఆవకాయ బోసిగా వదిలేసి, దొరువు నీళ్ళకి దర్భ వేశావా? విన్నావుట్రా బాపయ్యా, నీ పెళ్ళాం తెలివి!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చిందంట. ఆ ఏడుపు ఆవకాయ కోసం కాదు సుమా, భయం. కూతురు కడుపులో బిడ్డకి ఏ మొర్రో వస్తే? ఈ ఇంట్లో ఆచారం తప్పబట్టే అట్టా అయిందని ఊరంతా అనదూ? "సరే, పచ్చడి పోతే పోయింది. ఆ మట్టికుండలు పగలగొట్టు. దర్భ వేసినా వెయ్యకపోయినా మట్టి మట్టే, దోషం పీల్చుకుంటది" అంది. ఊళ్ళో అప్పటికే టపటపా కుండలు పగిలే చప్పుడు. నాంచారమ్మ మెల్లిగా అంది, "అత్తా, ఇవాళ గాలి బాగాలేదు. రేపు కొత్తనీళ్ళు తెచ్చాక పగలగొడతాను. ఒక్క పూట ఆగండి." అంటే అచ్చమ్మ, "రేపు పొద్దున నేను లేచేసరికి కుండలన్నా ఉండకూడదు, నువ్వన్నా ఉండకూడదు. ఏది ఉంచుకుంటావో నువ్వే చూసుకో" అనేసింది. నాంచారమ్మ మాత్రం కుండల మీద చెయ్యి వెయ్యలేదు.

తెల్లవారుజామున సముద్రం లేచింది. అది వర్ణించకూడదమ్మా, వర్ణిస్తే మళ్ళీ వస్తదంటారు మా పెద్దవాళ్ళు. పల్లంలో వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని అచ్చమ్మ వాళ్ళ ఇల్లున్న దిబ్బ మీదికి ఎగబాకారు. స్వామి దయవల్ల మనుషులు దక్కారు. గొడ్లు పోయినాయి, ఇళ్ళ కప్పులు పోయినాయి. పొద్దెక్కి నీళ్ళు వెనక్కి తీశాక చూస్తే, చేలన్నీ తెల్లగా ఉప్పు చారలు. దొరువులు నిండుగా ఉన్నాయి. ఆశగా ఒకడు దోసిట పట్టి నోట్లో పోసుకుని తుపుక్కున ఊశాడు. నిండా ఉప్పే. వాన పడలేదా అంటారేమో. పడింది, గాలి ఉన్నంతసేపు పడింది. అప్పుడు చెట్టో గుంజో పట్టుకుని ఉన్నారు, వాన పట్టేదెవరు? పట్టడానికి కుండ ఏది? మట్టివి నిన్ననే పగలగొట్టిరి, ఇత్తడి బిందెలు కప్పులతో పాటు ఎటు పోయినాయో. పది గంటలకల్లా ఎండ కాసింది, అట్టాంటిట్టాంటి ఎండ కాదు.

సరిగ్గా అప్పుడే శేషమ్మకి నొప్పులు. తిరపతమ్మ తడిచీరతోనే లోపలికి ఉరికింది. "నీళ్ళు కాచండే! దీని నోరు చూడండి, పిడచకట్టుకు పోతంది. ముందు గుక్కెడు నీళ్ళు పట్టండి!" అని కేక. ఇంట్లో నీళ్ళెక్కడివి? అచ్చమ్మ ఇంటిని చూసింది, పెరటిని చూసింది. పెరట్లో గాలికి ఇసుక మేట వేసి ఉంది. నాంచారమ్మ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఆ ఇసుక తోడతంది. మూకుడు తగిలింది. మట్టి గోకి, మూకుడు తీసి, గుడ్డ విప్పింది. లోపల నీళ్ళు అట్టాగే ఉన్నాయి, ఆకాశం కనపడతందంట అందులో. ముంత ముంచి లేచింది. లేచి నడవబోతే, అచ్చమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"గ్రహణం పట్టిన మట్టికుండ నీళ్ళు నా బిడ్డకి పడతావా?" అంది. నాంచారమ్మ అంది, "దోషముంటే నాకు తగలనీ అత్తా. నన్ను పంపించెయ్యండి, ఇవాళే పోతాను. ముందు ఈ ముంత లోపలికి పోనియ్యండి." లోపల్నుంచి శేషమ్మ, "అమ్మా, నీళ్ళే..." అంది. మూలిగిందంతే, గట్టిగా అరిచే శక్తి కూడా లేదు. అచ్చమ్మ ఏం చేసిందో తెలుసా? కోడలి చేతిలో ముంత లాక్కుంది. అందరూ అయ్యో పారబోస్తంది అనుకున్నారు. తూర్పుకి తిరిగి, కళ్ళు మూసుకుని, తనే ఒక గుక్క తాగింది. తాగి, "పట్టే దోషమేదో ముసలిదాన్ని నన్ను పట్టనీ. నువ్వు పసుపుకుంకాలతో ఉండాల్సినదానివి" అని ముంత తిరిగి ఇచ్చి పక్కకు జరిగింది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల. తిరపతమ్మ బయటికి వచ్చి, "మొర్రీ లేదు, వంకరా లేదు. నోరు మాత్రం నాలాగే పెద్దది, వినపడతందా ఏడుపు?" అంది. అంతా నవ్వారు, ఏడ్చారు. అప్పుడు వచ్చాడు శరభయ్య పంతులు, చేతిలో చెంబు, వెనక ముసలి తల్లి. "అచ్చమ్మా, మా అమ్మకి నాలిక ఎండిపోతందమ్మా, కాసిని నీళ్ళు..." అన్నాడు. అచ్చమ్మ తీరిగ్గా, "మట్టికుండ నీళ్ళు పంతులుగారూ, పగలగొట్టకుండా దాచినవి. పనికొస్తాయా?" అంది. ఆయన తల దించుకుని, "ఆపత్కాలంలో ఆచారం చూడకూడదమ్మా" అన్నాడు. "ఆపద ముందురోజు వచ్చి చెప్పిపోతదా పంతులుగారూ?" అంది అచ్చమ్మ. అంటూనే చెంబు అందుకుని, ముందు ఆ ముసలమ్మకే పోసిందిలే. నీళ్ళ దగ్గర పంతం పట్టే మనిషి కాదు.

దిబ్బ మీద ఇరవైమంది చేరారు. అందరికీ నాంచారమ్మే తవ్వతో కొలిచి పోసింది, పొద్దున తవ్వ, మాపున తవ్వ. బాలింతకి మాత్రం కొలత లేదు. తనవంతుకు వచ్చేసరికి తవ్వ నిండేది కాదు, ఎవరూ కనిపెట్టలేదు, బాపయ్య కనిపెట్టాడు. తన దాంట్లోంచి సగం ఆమె ముంతలో వంపేవాడంట. నాలుగో రోజు పడవలో మంచినీళ్ళు వచ్చేసరికి, ఏడో కడవలో అడుగున రెండు తవ్వలు ఇంకా ఉన్నాయి.

ఆ తర్వాత అచ్చమ్మ పదేళ్ళు బతికింది. ఆ పదేళ్ళలో ఒక్కనాడు "నువ్వు చేసింది మంచిపని" అని కోడలితో అన్లేదంట. అడిగినవాళ్ళతోనూ అన్లేదు. కానీ దొరువులు మళ్ళీ తీపెక్కిన రోజు నుంచి, తెల్లారకముందే లేచి, ఆ వయసులో చిన్న కడవ చంకన పెట్టుకుని కోడలి వెనకే నడిచేది. ముందు కోడలు, వెనక అత్త, ఇసుకలో రెండు వరసల అడుగులు. "నీకెందుకే ఈ బరువు, కోడలు తేదా?" అని తిరపతమ్మ అడిగితే, "తెస్తది, సగం దారిలోనే ఒలకబోస్తది. వెనకాల ఒక మనిషి ఉండొద్దూ?" అనేదంట. నాంచారమ్మ ఏనాడూ చుక్క ఒలకబోసిన మనిషి కాదు, ఊరందరికీ తెలుసు. అత్తల మెచ్చుకోలు అట్టాగే ఉంటది తల్లీ, దాన్ని మెచ్చుకోలని కనిపెట్టడానికి కోడలికి సగం ఆయుష్షు పడుద్ది.