గుర్రం ఎక్కే వైపు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రధానోపాధ్యాయులు మొల్దోబెక్ గారికి, ముందు వరసలో తెల్ల టోపీలు సర్దుకుంటున్న తెల్లగడ్డాల పెద్దలకు, వాళ్ళందరికీ పెద్దదిక్కయిన కచ్కిన్ తాతకు, తెల్లారకముందే లేచి పిండి బూర్సోకులు వేయించి చేతులకింకా నూనె వాసన వదలని అక్కచెల్లెళ్ళకు, నా తోటి ఉపాధ్యాయులకు, పిల్లలకు, అందరికంటే ముఖ్యంగా ఆ కుర్చీలో నిటారుగా కూర్చుని మనందరి మొహాలూ చదివేస్తున్న జుమాగుల్ అక్కకు నమస్కారాలు. నమస్కారాలు పొడుగయ్యాయని మొల్దోబెక్ గారు గడియారం చూసుకుంటున్నారు. చూసుకోండి సార్. కావాలనే పొడిగిస్తున్నాను. ఇవి అయిపోగానే అసలు మాట మొదలుపెట్టాలి, దానికి నాకు ధైర్యం చాలడంలేదు. (నవ్వులు)

నవ్వకండి. ఇది మామూలు పదవీ విరమణ సభ కాదని ఇక్కడ కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అక్క గుండెలో ఒక కవాటం పాడైంది. నరీన్ పట్నం డాక్టరు చేతులెత్తేసి, రాజధాని బిష్కెక్ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాల్సిందే, అదీ మంచు పడి కనుమ మూసుకుపోకముందే వెళ్ళాలి అన్నాడు. అక్కడి పెద్దాసుపత్రిలో మంచం ఖాయమైంది. కచ్కిన్ తాత అల్లుడి కారు బయట సిద్ధంగా ఉంది. సభ అవగానే ఆమె అందులో కూర్చోవాలి. అయితే నిన్న ఉపాధ్యాయుల గదిలో టీ తాగుతూ, పంచదార ఇటు జరపమన్నంత మామూలుగా, "నేను వెళ్ళట్లేదు" అంది. 

సరే, సభలో నాలుగు మంచిమాటలు చెప్పి అందరం కలిసి ఒప్పిద్దామనుకున్నాం. ముందు పిల్లల కానుక అన్నారు. పదకొండో తరగతి మీరిమ్ వచ్చి, నా వెనకున్న ఈ బొమ్మ మీది గుడ్డ లాగింది. చూశారు కదా. జీను కట్టిన బూడిదరంగు గుర్రం. మీద మనిషి లేడు. పైన కనుమ. మన దగ్గర మనిషి పోతే గుడారం ముందు నిలబెట్టే గుర్రం అచ్చం ఇలాగే ఉంటుంది, జీనుతో, ఖాళీగా. అది చాలదన్నట్టు ఆ పిల్ల పద్యం ఎత్తుకుంది.

"నువ్వు లేచిన పొద్దున గడ్డి తల వంచింది, నువ్వు తొక్కిన రాయి నీ పేరు అడిగింది..."

రెండో పాదానికే పెద్దమ్మల తలగుడ్డల చెంగులు కళ్ళమీదికెళ్ళాయి. ఆ నడక ఏడుపుపాట నడక. చావింట్లో ఆడవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చుని పోయినవాళ్ళ ప్రయాణాన్ని పాడే పాట. అందులో 'చనిపోయావు' అనే మాటే ఉండదు, దారి ఉంటుంది, రాళ్ళుంటాయి, గడ్డి ఉంటుంది, అంతే. అయినా చంటిపిల్లలకు కూడా అర్థమైపోతుంది. కచ్కిన్ తాత "తోబా, తోబా, దేవుడా క్షమించు" అని గడ్డం పట్టుకున్నాడు. ఏం తప్పు చేసిందో తెలియక మీరిమ్ గోడకానుకుని ఏడుస్తోంది. అప్పుడు మన మొల్దోబెక్ గారు, మహానుభావుడు, మైకు నా చేతిలో పెట్టి "భూగోళం మాస్టారూ, ఇక మీరు కానివ్వండి" అన్నారు. (నవ్వులు)

(ముందు వరసలోంచి కచ్కిన్ తాత: "ఒరే ఇషెనూ, ముందా బొమ్మ దించరా! శుభమా అని కారెక్కబోయే మనిషి ముందు అదేం బొమ్మరా!")

తాతా, దించమంటే దించుతాను. కానీ చూసింది కళ్ళలోంచి ఎలా దించను? శకునాలు నమ్మకండర్రా అని తరగతిలో చెప్పేవాణ్ణి నేనే. గుడ్డ తొలగగానే లోపల తోబా అనుకున్నవాణ్ణీ నేనే. భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది. ఈ మైకు పట్టుకున్నది మాట్లాడ్డానికి కాదు, చేతికి ఏదో ఒకటి ఉండాలని.

కాబట్టి ఇంకో పని చేద్దాం. అక్క ఈ బడిలో ఇన్నేళ్ళూ బొమ్మలూ పద్యాలూ నేర్పుతూ ఏం చేసిందో అదే చేద్దాం. ఈ బడికి నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఒకసారి నా తరగతికొచ్చి వెనక బెంచీలో కూర్చుంది. గోడకి పటం తగిలించి, ఇది మన ఊరి నుంచి కనుమ దాటి వెళ్ళే రహదారి అని కర్రతో చూపిస్తున్నాను. చెయ్యెత్తింది. "మాస్టారూ, ఆ ఎర్రగీత మీద ఎవరూ నడవట్లేదేం?" పిల్లలు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "పటం మీద మనుషులుండరు అక్కా" అన్నాను. "అదే నీ పటానికి రోగం. దారి ఎటు పోతుందో చెబుతుంది, ఎవరు భయపడుతున్నారో చెప్పదు. అది చెప్పడానికే బొమ్మ, పద్యం" అంది. ఆ తర్వాత నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ కదా.

ఆమె దగ్గర చదివినవాళ్ళు ఈ హాల్లో సగం మంది ఉన్నారు, మీకు చెప్పేదేముంది. దారి బొమ్మ వేసుకొస్తే బాగుందని ఎప్పుడైనా అందా? "లారీ ఇంత చిన్నదేంట్రా?" అనేది. "దూరంగా ఉంది టీచర్." "దూరంగా ఉంటే ఆగి చూస్తున్నదెవరు? వాళ్ళమ్మా? అయితే అమ్మ నీడ ఎక్కడ?" ఆ కుర్రాడు పాపం ఇంటికి పోయి నీడ వేసుకొచ్చేవాడు, ఆ నీడతో ఆ బొమ్మ చూస్తే నాకు ఆ లారీ వెనక పరిగెత్తాలనిపించేది. పద్యానికైతే ఇంకా విడ్డూరం. తరగతినంతా బడి వెనక గుట్ట ఎక్కిస్తూ చదివించేది. "ఊపిరి ఎక్కడ తెగితే పాదం అక్కడ తెగాలి. చదునులో పొడుగు పాదం, ఎక్కుడులో పొట్టి పాదం. కనుమ మీద ఒక్క మాట చాలు. అక్కడ అంతకంటే ఊపిరి ఉండదు." పచ్చికకు మంద తోలుకుపోయే పాటలన్నీ అలాగే పుట్టాయని అనేది. పుట్టాయో లేదో నాకు తెలియదు గానీ, ఆ గుట్ట ఎక్కి చదివిన పద్యం మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

మొన్న శరదృతువు మొదట్లో అదే ఆమె, నల్లబల్ల దగ్గర నుంచి కిటికీ దాకా, చదునైన నేల మీద నడుస్తూ, నాలుగు మాటల పాదాన్ని మూడు చోట్ల తెంపింది. పిల్లలు అదేదో కొత్త పద్ధతి అనుకుని రాసుకున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. నాకు అర్థమైంది. ఆ రోజు మొదలైన భయం ఈ రోజుకీ దిగలేదు.

ఎందుకు వెళ్ళనంటుందో ఇక చెప్పక తప్పదు. అక్కా, కోప్పడకు. సాతార్ బావ లారీ వేసుకుని ఆ కనుమ ఎక్కిన మార్చి నెల ఇక్కడున్న పెద్దలెవరూ మర్చిపోలేదు. కొండ మీది మంచు దారి మీద పడింది. అది కరిగేదాకా బావ దొరకలేదు. ఆమె గోడవైపు తిరిగి పాడిన పాట నేను గుడారం బయట నిలబడి విన్నాను. ఆ తర్వాత ప్రపంచంలోని ప్రయాణాలన్నీ పిల్లలచేత గీయించింది, పాడించింది, విప్పి చూపించింది గానీ, ఆ ఒక్క కనుమా మళ్ళీ దాటలేదు. చెల్లెలి పెళ్ళికీ దాటలేదు. ఇక ఇవాళ ఈ బొమ్మ చూశాక దాటుతుందా?

నాకు తోచినట్టు ఈ బొమ్మ చదువుతాను. దారి కింద వెడల్పుగా మొదలై పైకి పోనుపోను దారంలా సన్నబడింది. అంటే ప్రాణం సన్నబడుతోంది. కనుమ దగ్గర రంగే లేదు, ఉత్త కాగితం వదిలేసింది. తెలుపు. మనం దీవించేటప్పుడు నీ దారి తెల్లగా ఉండాలి అంటాం, ఆ తెలుపే మీద పడి చంపుతుంది కూడా. గుర్రం తల దించుకుని ఉంది. రౌతు లేడు. అంటే... అంటే ఏముంది, తాత చెప్పిందే...

(జుమాగుల్ అక్క కుర్చీలోంచే: "తప్పు.")

(అందరి తలలూ ఆమెవైపు తిరిగాయి)

ఏమన్నావక్కా?

("తప్పు చదువుతున్నావన్నాను. ఇన్నేళ్ళు నా పక్క గదిలో ఉండి నేర్చుకున్నది ఇదా? వేసినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చూడకుండా దారి గురించి వాగుతావేం? కింది అంచు చూడు.")

కింది అంచు... కింద ఏముంది, గడ్డి ఉంది. గడ్డిలో ఒక... ఆగండి. కళ్ళజోడు. తాడు ఉంది. గుర్రం కళ్ళెం నుంచి తాడు కిందికొచ్చి, కాగితం అంచు దాటి బయటికి పోయింది.

("పోయి ఎక్కడికెళ్ళింది? మీరిమ్, ఏడ్చింది చాలు, నువ్వు చెప్పవే.")

(మీరిమ్: "నా చేతిలోకి, టీచర్. మా నానమ్మ గుర్రం ఎక్కేటప్పుడు నేనే కదా పట్టుకునేది. అక్కడ నిలబడే వేశాను. మీరు ఎక్కాలని ఖాళీగా ఉంచాను. మిమ్మల్ని ముందే ఎక్కించేస్తే బాగోదని...")

విన్నారా! చావు గుర్రాన్ని ఎవరూ పట్టుకోరు. పెద్దవాళ్ళు బయల్దేరేటప్పుడు చిన్నవాళ్ళు కళ్ళెం పట్టుకోవడం మన మర్యాద, అది మనకి నేర్పక్కర్లేదు, అయినా ఇంతమందిమి చూశాం, ఒక్కడికీ ఆ తాడు కనబడలేదు. తాడును చూసి పామనుకోవడం విన్నాను గానీ, తాడును చూడకుండానే పాముకాటుకు మందు అడిగినవాళ్ళం మనమే. (నవ్వులు, చప్పట్లు)

("చప్పట్లు తర్వాత. గుర్రం ఎడమ పక్క మనవైపుంది. ఎక్కేది ఎటునుంచి? ఎడమనుంచే కదా. అదీ పిల్ల చేసిన పని. చూసేవాళ్ళని ఎక్కే వైపు నిలబెట్టింది. ఆ కనుమ దగ్గర రంగెందుకు వెయ్యలేదే?")

(మీరిమ్: "అక్కడేముందో నాకు తెలీదు టీచర్. నేనెప్పుడూ అటు వెళ్ళలేదు.")

("మంచిది. తెలియనిది వెయ్యకపోవడం నేనే నేర్పాను. మరి పద్యం అలా ఏడ్చిందేం?")

(మీరిమ్: "మా నానమ్మ దగ్గర నేర్చుకున్నా టీచర్. ఆవిడకి ఏడుపుపాటలే వచ్చు. వీడ్కోలు పాటలంటే అవే అనుకున్నా.")

("బొమ్మ బాగుందే. నీ పద్యం మాత్రం నాకంటే ముందే కనుమ దాటేసింది.") (పెద్దగా నవ్వులు)

నవ్వండి, కచ్కిన్ తాత కూడా నవ్వుతున్నాడు. కానీ నేను అక్కకు దగ్గరగా ఉన్నాను కాబట్టి, ఇప్పుడే ఆమె మెల్లిగా అన్న మాట మీలో వెనకవాళ్ళకు వినపడి ఉండదు. "నాకు భయంగా ఉంది, ఇషెన్" అంది.

అక్కా, భయం లేదని చెప్పడానికే వీళ్ళంతా నన్నిక్కడ నిలబెట్టారు. చెప్పలేను. కనుమ మీద మంచు ఉంది. ఆసుపత్రిలో కత్తి ఉంది. డాక్టరు కూడా బతుకుతావని చెప్పలేదు, ఇక్కడే ఉంటే వసంతం చూడవని మాత్రం చెప్పాడు. ఆ కనుమ ఎంత ఎత్తో నేను చెప్పగలను, భూగోళం మాస్టార్ని. అవతల ఏముందో ఈ పిల్లకి తెలిసినంతే నాకూ తెలుసు. నువ్వు లేని పక్క గది ముందునుంచి నడవడం నాకు చేతకాదు. నేను ఉపన్యాసం ఇవ్వడంలేదక్కా, బతిమాలుతున్నాను. వెళ్ళు.

("తాడెవరు పట్టుకుంటారు? ఈ పిల్లకి రేపు పరీక్ష.")

అందరూ నన్నే చూస్తారేమిటి? మూడో మలుపుకే కడుపులోది బయటపెట్టే మనిషినని ఊరంతా తెలుసు కదా!

("సంచులు తెచ్చుకో.") (నవ్వులు)

(కచ్కిన్ తాత లేచి అరచేతులు చాచాడు. సభ అంతా లేచింది. "వెళ్ళే బిడ్డ దారి తెల్లగా ఉండాలి. పట్టుకున్న చెయ్యి జారకుండా ఉండాలి. ఓమిన్." అందరూ "ఓమిన్" అని అరచేతులతో మొహాలు తడుముకున్నారు.)

మొల్దోబెక్ గారూ, సన్మానానికి తెచ్చిన ఆ పొడుగు అంగీ అక్కకు ఇప్పుడే తొడిగించండి, టీలయ్యాక వద్దు. కిటికీలోంచి నేనొక్కణ్ణే చూశాననుకున్నాను, మీరంతా చూస్తున్నారు. అవును, మంచు మొదలైంది. సన్నగానే పడుతోంది. తాత అల్లుడు ఇంజన్ ఆన్ చేశాడు. రేపు నా తరగతికి సెలవు, పిల్లలూ, మరీ అంత సంతోషపడకండి.

అధ్యక్షులకు, పెద్దలకు, మాకోసం చేతులు చాచిన ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు. చెప్పాల్సిన పొగడ్తలన్నీ జేబులోనే మిగిలిపోయాయి. అక్క లేచింది. వెళతానని ఇప్పటికీ నోటితో అనలేదు, కానీ మెట్లు దిగడానికి నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

సెలవు. వెళ్ళొస్తాం.