సంతకు నడిచెళ్ళిన పొట్టితోక

హనిమిరెడ్డి పెళ్ళాం పేరిందేవమ్మ ఉందే, ఆమె పట్టు పట్టిందంటే ఉడుం కూడా సిగ్గుపడాల్సిందే అనుకో. ఆమెకి మొగుడు పోతాపోతా ఏం మిగిల్చాడయ్యా అంటే రెండు గేదెలు, కాస్త మెట్టచేను, ఇంకా ఒక కారు. నవ్వమాకండి, కారే! అదీ ఎట్టాంటి కారనుకున్నారు, అమెరికా కారు. ఎప్పుడో పొగాకు కొనటానికొచ్చిన దొర ఒకడు ఓడలో తెప్పించుకున్నాడంట. రెండే తలుపులు, ఇంత పొడుగు ముక్కు, జానెడు తోక, స్టీరింగేమో ఎడంపక్క. షోకుగా తిరిగే కుర్రోళ్ళ బండన్నమాట. దొర దాన్ని ఈడే వదిలేసిపోతే, ఆ చేయీ ఈ చేయీ మారి చివరికి హనిమిరెడ్డి చేతిలో పడింది. మనూరి దారికి ఆ షోకు ఆగుద్దా? గతుకు గతుక్కీ కడుపు నేలకానేదంట. హనిమిరెడ్డి ఊరుకుంటాడా! మెకానిక్కు బుడేన్ సాయిబుని తోడు పెట్టుకుని, దాని ఇంజను పీకేసి జీపు డీజిలింజను పెట్టాడు. జీపు చక్రాలేసి మోకాలెత్తు పైకి లేపాడు. వాగులో నీళ్ళెక్కకుండా పొగగొట్టాన్ని టాపు మీదికి తిప్పాడు. ముక్కులో బెజ్జం చేసి ఇనప హ్యాండిలు పెట్టాడు, దాన్ని దూర్చి గిర్రున తిప్పితే గానీ బండి లేవదు. ఎర్ర కారుకి మిగిలిపోయిన ట్రాక్టరు నీలంరంగు కొట్టాడు. ఇంత చేసినా తోక మాత్రం పొట్టిదే గదా, అందుకని ఊరంతా దాన్ని పొట్టితోక అనేవోళ్ళు.

సరే, ఏమైందంటే, హనిమిరెడ్డి పోయాడు. కారు గొడ్లకొట్టంలో గేదెల పక్కన నిలబడిపోయింది. కోళ్ళు దాని సీట్లో గుడ్లు పెడతన్నాయి. మరిది చెంచిరెడ్డి, మీసం తిప్పుకుంటా రోజూ వచ్చేవాడంట. వదినా, పాత ఇనపసామాను కొనే సేటు టౌన్లో ఉన్నాడు, కాటా మీద పెట్టి తూకానికి తీసుకుంటాడు, ఆ తుప్పునెందుకు కాపలా కాస్తావు, ఇచ్చెయ్యి అని. తూకానికి అన్నమాట వినంగానే పేరిందేవమ్మకి కడుపు రగిలిపోయింది. ఎందుకు రగలదు? ఆయన చేతులు తగలని మేకు ఒక్కటి లేదు ఆ బండిలో. "అమ్ముతా చెంచిరెడ్డీ, అమ్మనని ఎవరన్నారు? నిలబెడితే ఎద్దూ పాడైపోద్ది, బండీ పాడైపోద్ది. కానీ కాటాకెక్కించి అమ్మను. మీ అన్న ఎడ్లని ఎట్టా అమ్మాడో అట్టాగే అమ్ముతా. సంతకి నడిపించుకుపోయి, నడుపుకునేవోడి చేతిలో పెడతా" అంది. "నడిపించేదెవరు వదినా?" "నేనే." చెంచిరెడ్డి పడీపడీ నవ్వాడంట. "నువ్వు దాన్ని సంతదాకా నడిపితే ఈ మీసం తీయించుకుంటా పో" అన్నాడు. అనేటప్పుడు ఏముంది, మీసం మన మూతి మీదే ఉంటది గదా అనుకుంటాం.

బుడేన్ సాయిబుని పిలిపించింది. "బుడేన్ మామా, నాకు నేర్పు" అంది. ఆయన గడ్డం గోక్కున్నాడు. "అమ్మాయ్, యాభై దాటినాయి నీకు" అన్నాడు. "గేదె తన్నినా పాలు పిండే చేతులు మామా ఇవి, నేర్పు" అంది. ఇంకేం చేస్తాడు, నేర్పాడు. మొదటిరోజే ఏమైందో తెలుసా? హ్యాండిలు ఎనక్కి తన్ని మణికట్టు వాచింది. పసుపూ సున్నం పట్టేసి మళ్ళీ వచ్చింది. బండి కదిలింది, బాగానే కదిలింది, ఎదురుగ్గా గడ్డివామి వచ్చింది. పేరిందేవమ్మ ఏం చేసింది? స్టీరింగు రెండు చేతుల్తో ఎనక్కి లాగి "హో... హో... హోవ్!" అని అరిచింది. ఎద్దయితే ఆగేదే! పొట్టితోక ఆగుద్దా? తీసుకుపోయి వామిలో దూర్చేసింది. బుడేన్ సాయిబు గడ్డిలోంచి తల బయటపెట్టి, "కాలితో ఆపాలమ్మాయ్, నోటితో కాదు" అన్నాడంట. ఊరు ఊరంతా నవ్వింది. నవ్వనీ. ఆమె కూడా నవ్వి, కొంగు బిగించి, మళ్ళీ ముక్కు దగ్గరికి పోయి హ్యాండిలు దూర్చింది. అట్టా పడతా లేస్తా నేర్చుకుంది. ఈ గొడవలో ఒకరోజు మైకుసెట్టు ఏసోబు వచ్చాడు. పెళ్ళిళ్ళకీ తిరణాళ్ళకీ మైకులు కట్టేవాడు, ఆ పెట్టెలన్నీ అద్దె ఎడ్లబండిలో మోసుకు తిరిగేవాడు పాపం. వచ్చి కారు ముందు గొంతుక్కూచున్నాడు, ముక్కులో బెజ్జం దగ్గర వేళ్ళు పెట్టి చూసుకున్నాడు, దండం పెట్టి పోయాడు. ఆ సంగతి మనసులో పెట్టుకోండి, మళ్ళీ చెప్తా.

సంతరోజొచ్చింది. పేరిందేవమ్మ కారుకి నీళ్ళు పోసి కడిగి, ముక్కుకి పసుపు రాసి బొట్టుపెట్టి, ఎద్దుకి కట్టినట్టే మువ్వలపట్టీ కూడా కట్టింది. బుడేన్ సాయిబుని పక్కన కూచోబెట్టుకుని, "నువ్వు చెయ్యి పెట్టమాక మామా, పెడితే నా పందెం పోద్ది" అని చెప్పి బయల్దేరింది. ఊరు దాటింది, దిబ్బలు దాటింది, వాగులోకి దిగింది. సగంలోకొచ్చిందో లేదో, రాయికి కొట్టుకుని టక్కున ఆగిపోయింది. వాగులో నడుంలోతు నీళ్ళు. ఒడ్డున ఎవరున్నారు? చెంచిరెడ్డే! ముందే ఎడ్లజత తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నాడు, చూశారా బుద్ధి! "వదినా, ఎడ్లు కట్టి లాగిస్తానుండు" అంటా మీసం మీద చెయ్యేశాడు. "ఎడ్లు లాగితే అది నడిచినట్టా? నీ ఎడ్లు నువ్వే ఉంచుకో" అని పేరిందేవమ్మ నీళ్ళలోకి దూకింది. చీర మొత్తం తడిసిపోయింది. ముక్కులో బెజ్జం నీళ్ళ కింద ఉంది, కళ్ళక్కనపడదు. చేత్తో తడిమి హ్యాండిలు దూర్చింది. తిప్పింది, లేవలేదు. మళ్ళీ తిప్పింది, బుస్సుమని ఊరుకుంది. మొదటిరోజు వాచిన మణికట్టు మళ్ళీ పీకేస్తంది. చచ్చిపోయిన మొగుడి మీద కోపమొచ్చిందంట అప్పుడు, ఇట్టాంటిదాన్ని నా మెడకి కట్టి పోయావే అని. ఆ కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని తిప్పింది చూడు! టాపు మీది గొట్టంలోంచి నల్లటి పొగ లేచింది. పొట్టితోక గుర్రుగుర్రుమని వాగు చీల్చుకుంటా ఒడ్డెక్కింది. చెంచిరెడ్డి చెయ్యి మీసం మీంచి దానంతటదే జారిపోయింది.

సంతలోకి కారు రాంగానే గొడ్లు బెదిరినాయి, మనుషులు మూగారు. ఒకడు ముందుకొచ్చి "పళ్ళు చూపించమ్మా, ఎంత వయసో చూద్దాం" అన్నాడు. "పళ్ళన్నీ ఊడిపోయి మళ్ళీ కట్టించినయ్యి, నడక చూసుకో" అంది ఈమె. అంతలో బేరగాడొకడొచ్చాడు. పెద్ద తలపాగా, చేతిలో ముల్లుకర్ర, ఎక్కడో పెద్ద రైతనుకుంటాం. తువ్వాలు కింద చెయ్యి చెయ్యి కలిపారు. సంతలో బేరం నోటితో ఆడరు గదా, వేళ్ళు నొక్కి ధర చెప్పటమే. అతను నొక్కిన వేళ్ళని పేరిందేవమ్మ రెండోసారి లెక్కపెట్టుకుంది. అంత మంచి ధర! ఎనక నిలబడ్డ చెంచిరెడ్డి, ఒప్పుకో వదినా ఒప్పుకో అని గొణుగుతున్నాడు. ఆమె చెయ్యి తీయకుండానే అడిగిందంట, "అయ్యా, తాడేదీ?" అని.

ఈ ముక్క జాగ్రత్తగా వినండి, కుర్రోళ్ళకి తెలవదు. మనవైపు ఎద్దునమ్మినా తాడు అమ్మరు. తాడిస్తే కొట్టంలో కళ పోద్దని, అమ్మినోడు తాడు ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటాడు. కొనేవోడు కొత్తతాడు తెచ్చుకోవాలి. దున్నుకునేవోడు మర్చిపోకుండా తెచ్చుకుంటాడు. కసాయి కోతకి తీసుకుపోయేవోడికి తాడెందుకు, లారీలోకి తోసేస్తాడు. అందుకని మన పెద్దోళ్ళు బేరానికొచ్చినోడి మొహం చూసేవోళ్ళు గాదు, చేతులు చూసేవోళ్ళు. ఈ తలపాగా ఆయన తెల్లబోయాడు. "కారుకి తాడేందమ్మా?" అన్నాడు. "దీనికి తాడు ఈ హ్యాండిలే. ఇది నేనివ్వను, ఇంటికి పట్టుకుపోతా. ఎట్టా నడుపుకుంటావు?" "నడిపేదేముందమ్మా, లారీ తెచ్చా, ఎక్కించుకుపోతా" అని నోరు జారాడు. అంతే, పేరిందేవమ్మ తువ్వాలు కిందనించి చెయ్యి ఎనక్కి తీసేసుకుంది. "పోయి మీ సేటుకి చెప్పు, ఇది తూకానికి రాదని" అంది. చెంచిరెడ్డి మొహం చూస్తే ఆ తలపాగా ఎవరు చుట్టిచ్చారో సంతంతా అర్థమైపోయింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటా వచ్చాడయ్యా ఏసోబు. ఒక చేతిలో డీజిలు డబ్బా, రెండో చేతిలో గోనెసంచి. "అమ్మా, నేను ఆయనంత ఇచ్చుకోలేను. సగానికి కొంచెం ఎక్కువ ఇచ్చుకుంటా. మైకులేసుకుని వాగవతల ఊళ్ళన్నీ తిరుగుతా" అన్నాడు. పేరిందేవమ్మ సంచి వంక చూసింది. "తాడేదీ ఏసోబూ?" ఏసోబు సంచిలోంచి తీశాడు. కొత్త ఇనప హ్యాండిలు! కొలిమిలోంచి వచ్చిన నలుపు కూడా పోలేదు. ఆరోజు బెజ్జంలో వేళ్ళు పెట్టి కొలుచుకున్నది అందుకన్నమాట. పేరిందేవమ్మ దాన్ని చేత్తో తడిమి చూసింది. అక్కడే, అంతమందిలో కళ్ళు తుడుచుకుంది. "నడుపుకో నాయనా, నీదే" అంది. ఏసోబు హ్యాండిలు దూర్చాడు, ఒక్క తిప్పుకి లేచింది.

మొగుడి హ్యాండిలు చంకలో పెట్టుకుని ఆమె నడిచి ఇంటికొచ్చి, కొట్టంలో అమ్మేసిన ఎడ్ల తాళ్ళు వేలాడే కొయ్యకే దాన్నీ తగిలించింది. సాయంత్రం గేదె కింద కూచుంటే వాగవతల మైకు పాట వినపడేది, పొట్టితోక వాగు దాటిందే అని గేదెతో చెప్పేదంట. చెంచిరెడ్డి మీసమా? తీయించుకున్నాడు లే. కాకపోతే జలుబు చేసి తీయించానని చెప్పుకు తిరిగాడు. జలుబుకీ మీసానికీ ఏం సంబంధమో నన్నడగమాకండి. అప్పట్నించీ మనూళ్ళో కుట్టుమిషనుగానీ, సైకిలుగానీ, ఏది అమ్మాలన్నా కొనటానికొచ్చినోడి చేతులే ముందు చూస్తారు. ఇదిగో, నా కథ నేనమ్మేశా, తాడు మాత్రం నా దగ్గరే ఉంది. మళ్ళీ చెప్పుకునేవోడు సొంత తాడు తెచ్చుకోండి.