చెప్పి లేచే మనిషి

ఎంతన్నావ్? ముప్పై ఎనిమిది వేలా? ఆ గాలి పడవకా? సరేలే, కొన్నావుగా, నీ కష్టార్జితం. దాన్ని మా వాకిట్లో పెట్టి గాలి కొడితే మా గేదె బెదిరి పలుపు తెంపుకుంది, అది వేరే సంగతి. కూర్చో స్తుతమ్మా, ఆ కొసన కూర్చో. ఏంటీ, బరువులు లెక్కేశావా? నువ్వు యాభై రెండు కిలోలు, నీ నేస్తం హెలెన్ యాభై నాలుగు, మంచినీళ్ళు పది, కాబట్టి సరిగ్గా తూగుద్దంటావ్. మరి పోయిన నెల్లో ఎందుకు మునిగారే? కొంగ లేస్తే ఇద్దరూ ఒక్కసారే ఒకే పక్కకి ఒరిగారు. ఇద్దరిదీ ఒకటే ప్రాణమాయె, ఒకటే కన్నాయె. ఈసారి గానీ మునిగితే ఆ పడవని కోసి మిరపకాయల మీద పరదా కప్పుతానంది మీ అమ్మ. అన్నంత పనీ చేసే మనిషి. ఇక ఆ రుక్సానా అంటావా, మాటకి మాట అంటది, నీకు పడదు. తెల్లారితే కాలవ మీద పోవాలి, రెండో సీటు ఇంకా ఖాళీ. నన్నడిగితే నేనేం చెబుతానమ్మాయ్? ఇది మీ తాతని అడగాల్సిన మాట.

మీ తాతని నువ్వు చూళ్ళాగా, నువ్వు పుట్టేటప్పటికే పోయాడు. ఏసోబు మాస్టారంటే కొత్తపట్నంలో తెలీనివాళ్ళు లేరు. బళ్ళో పంతులు. ఎండాకాలం సెలవలిస్తే చాలు, తాటిదోనెని బకింగ్‌హామ్ కాలవలోకి తోసేవాడు. దోనె అంటే ఏముందీ, తాటిమాను నిలువునా చీల్చి లోపలంతా తొలిచింది. తుమ్మితే ఊగుద్ది. "ఏం మాస్టారూ, చేపలకా?" "కాదు." "ఉప్పుకా?" "కాదయ్యా." "మరెందుకండీ?" "ఊరికే!" ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వేది. ఊరికే తిరగడానికి పడవెక్కే మనిషిని అంతకు ముందు ఎవరు చూశారు? ఒక్కడివల్ల కాదు గదా, తోడు కావాలి. ఆ తోడుని ఎంచడం ఉందే, మా అక్కకి సంబంధం చూసేటప్పుడు మా నాయన కూడా అంత చూళ్ళా.

ఎట్టా అంటే, ఇంటికి అన్నానికి పిలిచేవాడు. ఊరవతల పేటలో వాళ్ళ ఇంటి ముందు కుక్కిమంచం. ఆఁ, ఇదే, నువ్వు కూర్చున్నదే. ఎలీసమ్మ, మీ నాయనమ్మ, పోయేముందు నాకిచ్చింది. నులక మార్పించా గానీ ఆ పొట్టి కోడు మార్చలా. మధ్యలో ఊయల్లా దిగబడి ఉండేది, కదిలితే కుంటేది. ఈ కొసన ఆయన, ఆ కొసన వచ్చినవాడు, ఒళ్ళో కంచాలు. ఎలీసమ్మ అంచుల్దాకా చారు పోసేది. సగంమంది ఆ మంచం దాకానే రాలా. "ఫర్లేదండీ, నిలబడే మాట్లాడుకుందాం" అనేవాళ్ళు. పేటలో కూర్చుని తింటే ఊళ్ళో ఏమంటారోనని. "మంచిది నాయనా" అని వీధిదాకా సాగనంపేవాడు మీ తాత. వాళ్ళ దగ్గర మళ్ళీ దోనె మాటే ఎత్తేవాడు కాదు.

నాకెంత ఆశో! పగలంతా మిరపకోతలు, చేతులు భగభగ మండేవి. సాయంత్రం కాలవలో చేతులు ముంచుకుని, ఆ దోనె సరుగుడుతోపు చాటుకి పోయిందాకా చూసేవాణ్ణి. తీరా నాకంటే ముందు వీరాంజనేయుల్ని పిలిచాడు. గజ ఈతగాడు, కండలు తిరిగినోడు. కూర్చున్నాడు, తిన్నాడు, బానే ఉంది. "ఎలీసమ్మగారూ, ఉప్పు!" అని చటుక్కున లేచాడు. ఇంకేముందీ, నులక ఎగదన్నింది, చారంతా మాస్టారి పంచె మీద. "చారు పారబోసినందుకు నన్ను తీసుకుపోలేదురా" అని చచ్చేదాకా అదే అనుకున్నాడు పిచ్చోడు. నేనూ అదే అనుకున్నా. అందుకే నా వంతొచ్చినప్పుడు కంచాన్ని పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నా. ఇంతలో ఎక్కిళ్ళు. నీళ్ళచెంబు చూస్తే అరుగు మీదుంది. "మాస్టారూ, లేస్తున్నా, పట్టుకోండి" అన్నా. తెలివి కాదు తల్లీ, అలవాటు. మా తాత పక్కన ఇట్టాంటి మంచం మీదే పెరిగా, చెప్పకుండా లేస్తే ఆయన చేతికర్రతో పిక్కల మీద ఒకటిచ్చేవాడు. మీ తాత కంచం కింద పెట్టి, రెండు చేతుల్తో పట్టెలు పట్టుకుని, నా మొహంలోకి చూసి, "లే నాయనా, పట్టుకున్నా" అన్నాడు. అంతే. తెల్లారి దోనెలో ఉన్నా.

సముద్రం పోటు తగిలితే ఆ కాలవ వెనక్కి నడుస్తది, తెలుసా? తెడ్లు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటే చాలు, మనం కదలం, గట్టే నడుచుకుంటా పోతుంటది. ఒక పక్కన ఉప్పుమళ్ళు, తెల్లగా, కళ్ళు మూసుకున్నా కనపడతయ్. ఇంకో పక్కన సరుగుడుతోపులు, వాటెనక సముద్రం, ఎవరో నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టు. ఆయన కీర్తన ఎత్తుకుంటే శ్రుతి ఉండదు. నేను చుట్ట ముట్టిస్తే ఆయనకి దగ్గు. నేను కోడి కూయకముందే లేచేవాణ్ణి, ఆయన పొద్దెక్కినా లేవడు. మా ఇద్దరికీ ఒక్కటంటే ఒక్కటి కలవలా! అయినా ఒకడు "ఒరుగుతున్నా" అంటే రెండోవాడు అవతలి పక్కకి ఒరిగేవాడు. "లేస్తున్నా" అంటే "పట్టుకున్నా". కొన్ని రోజులు పొద్దుగూకేదాకా ఆ మాటలే, ఇంకో మాట లేదు, కావాలని అనిపించలా కూడా. ఇప్పటికీ మధ్యాన్నం కునుకు పడితే ఈ మంచం కదులుద్ది. కళ్ళు తెరిస్తే ఆ గోడ మెల్లిగా వెనక్కి పోతుంటది. మా కోడలు చూసి, "మామయ్యా, ఏంటండీ చేతులాడిస్తన్నారు?" అంటది. ఏం చెప్పను, తెడ్డేస్తున్నా అనా?

ఒంట్లో బాగాలేక ఆయన్ని గుంటూరు ఆసుపత్రిలో పెట్టారు. ఇనప మంచం. "ఆదెయ్యా, ఇది ఊగదయ్యా, నిద్ర పట్టట్లా" అన్నాడు. లాభం లేదని డాక్టర్లూ చెప్పేశారు, ఇంటికి తెచ్చాం. మళ్ళా ఈ మంచం మీదే. నేను కాళ్ళ దగ్గర, ఇదిగో, ఇక్కడే. ఎలీసమ్మ గంజి తేవడానికి లోపలికి పోయింది. వాకిట్లో ఎండ, కోళ్ళు తిరుగుతున్నయ్. రెండ్రోజుల్నించి మాటలేని మనిషి కళ్ళు తెరిచాడు. "ఆదెయ్యా, లేస్తున్నా" అన్నాడు. పక్కకి ఒత్తిగిలే ఓపిక లేనోడు ఎక్కడికి లేస్తాడమ్మా? అయినా నా చేతులు వాటంతటవే పట్టెల మీదికి పోయినయ్. "లేవండి మాస్టారూ, పట్టుకున్నా" అన్నా. మంచం ఇంత కూడా ఊగలా.

...ఆ గేదెకి కుడితి పెట్టారో లేదో. ఎండ ఇటు తిరిగింది. ఆఁ? పిలుచుకొస్తావా? ఇద్దర్నీ ఒక్కసారే కాదు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని. ముందు ఆ రుక్సానాని రమ్మను. చారు మా కోడలు కాస్తది. ఎందుకో మటుకు చెప్పమాక. నులక బిగించడమేంటి, బిగిస్తే ఇంకేం తెలుస్తది? ఏమన్నావ్? సరిగ్గా వినపళ్ళా... ఆఁ. ఆఁ. లే తల్లీ, పట్టుకున్నా.