చలపతికి కప్పబోయే శాలువా

తుఫానులో వీధిని ఆదుకున్నందుకు ఈ ఆదివారం చలపతికి శాలువా కప్పుతున్నారన్న మాట నాకు మా ఆవిడ రమణమ్మ నోటి నుంచే తెలిసింది. అప్పుడు పెసరట్టు తింటున్నాను. ముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఆదుకోవడం అంటే ఏం చేసేడండీ? రొయ్యల చెరువుల మీద వాడికి మూడు జనరేటర్లున్నాయి. అందులో చిన్నది ఇంటికి తెచ్చి, అరుగు పక్కన పెట్టి, వీధిలో వాళ్ల ఫోన్లకి ఛార్జింగు పెట్టించేడు. అంతే. దానికి శాలువా. మరి ఆరు రోజులు కరెంటు లేక, నెట్టు లేక, జనం మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే వాళ్లని నవ్వించిన మనిషి సంగతేంటి? ఆ ముక్క అడిగేవాడు ఊళ్లో ఒక్కడు లేడు.

"శాలువా ఎవరికన్నది ఎవరు తేలుస్తున్నారే?" అన్నాను.

"రామ్మూర్తి మాస్టారండి. రాత్రే దిగేరు రాజమండ్రి నుంచి. ఇంకో అట్టు వెయ్యనా?"

వద్దన్నాను. మాస్టారు తుఫాను ముందు రోజే కూతురింటికి వెళ్లిపోయేరు. అంటే ఇక్కడ ఏం జరిగిందో ఆయన కళ్లారా చూడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. చొక్కా తగిలించుకుని దుర్గాభవాని టీ కొట్టుకి నడిచేను.

మాస్టారు బల్ల మీద కూర్చుని ఉన్నారు, ఒళ్లో కాయితం, జేబులో పెన్ను. పక్కన ఆటో హరిబాబు. భవాని పాలు కలియబెడుతోంది.

"రండి బుల్లబ్బాయిగారూ. చాలా ఇబ్బంది పడ్డారట కదండీ మీరంతా," అన్నారు మాస్టారు.

"ఇబ్బందా అండీ?" అని ఆయన పక్కనే చతికిలబడ్డాను. "ఇబ్బంది పడ్డవాళ్లు పడ్డారు గానీ, మా వైపు మాత్రం అంత ఖుషీగా ఎప్పుడూ లేమండీ. నా గొప్ప నేను చెప్పుకోకూడదు. నేను చేసింది చాలా చిన్నది. మొదటి రోజు గాలి తగ్గేక వీధిలోకొచ్చి చూద్దును కదా, ఒక్క మొహంలో కళ లేదు. ఆరిపోయిన ఫోను అరచేతిలో పెట్టుకుని, పోయినవాళ్ల ఫొటో చూసినట్టు చూస్తున్నారు. నాకు మనసొప్పలేదండి. సుద్దముక్క తెచ్చి నా అరుగు మీద అయిదు నిలువు, అయిదు అడ్డం గళ్లు గీసేను. మా ఆవిడ డబ్బాలోంచి నాలుగు గవ్వలు తీసేను. రండర్రా, అష్టాచెమ్మా ఆడదాం అన్నాను. నలుగురం కూర్చున్నాం. అంతేనండి."

"ఆ నలుగురూ ఎవరండీ మావయ్యగారూ?" అన్నాడు హరిబాబు. "నేను ఎదురింట్లోనే ఉన్నానండి."

"నీకు కబురెట్టేలోపు ఆట మొదలైపోయింది హరీ. మాస్టారికి చెప్పనీ. సరిగ్గా అప్పుడే అవతల చలపతి జనరేటర్ మొదలెట్టేడండి. డుబుడుబుడుబు. ఆ చప్పుడు, ఆ పొగ. చిన్నా పెద్దా ఫోన్లట్టుకుని అటు పరుగు. నేను పల్లెత్తు మాట అన్లేదు. చలపతంటే నాకెంత ఇదో మీకు తెలుసు కదండీ. రొయ్యలకి ఊపిరందించే యంత్రంతో ఫోన్లకి ఊపిరి పోసేడు, మంచిదే. కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసాండీ? ఛార్జింగు అయితే ఎక్కింది, నెట్టేది? టవరు పడుకుంది. నిండా ఛార్జింగున్న ఫోను పట్టుకుని మళ్లీ అదే మొహం. అరగంట తిరక్కుండా పన్నెండు మంది నా అరుగెక్కేరు."

"ఆయ్," అన్నారు మాస్టారు.

మాస్టారు ఆయ్ అన్నారంటే వింటున్నట్టే. నాకు ఊపొచ్చింది.

"రెండో రోజుకి నలభై మందండీ. అరుగు చాలదే. గవ్వలు ఎవరి కాళ్ల కిందో నలిగిపోయేయి. నేను ఊరుకుంటానా, నాలుగు కొబ్బరి చిప్పలు తెచ్చి వేయించేను. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, మీకు తెలియంది కాదు. ఆ చిప్పలు నేల మీద పడుతున్న చప్పుడికి అవతల జనరేటర్ వినపడలేదండి. చలపతి పాపం, ఆగిపోయిందేమోనని మూడుసార్లు లేచొచ్చి చూసుకున్నాడు."

"కొబ్బరి చిప్పకి అంత చప్పుడుంటుందాండీ బాబాయిగారూ?" అంది భవాని.

"మా తోటలో చెట్ల రకం వేరమ్మా. నువ్వు పాలు చూసుకో, పొంగుతున్నాయి. మూడో రోజు సంగతి చెప్తాను వినండి మాస్టారూ. మా కొబ్బరితోటలో నూట ఇరవై చెట్లు పడిపోయేయి. ఇంకొకడైతే ఏడుస్తాడు. నేను మా మేడెక్కి, మాకు మేడ లేదనుకోండి, పక్కవాళ్ల నీళ్ల ట్యాంకెక్కి చూసేను. చూస్తే ఏవుందండీ? సగం చెట్లు నిలువుగా, సగం అడ్డంగా పడి ఉన్నాయి. అన్నీ గళ్లే. తుఫాను వచ్చి మన కోసం ఆటకి గీతలు గీసి పోయిందండి. ఒక్క గీత వంకర లేదు. అంత పెద్ద పలక మీద చింతపిక్కలు పెట్టి ఏం ఆడతాం? మనుషుల్నే నిలబెట్టేను, గడికొకణ్ణి. ఎదుటి జట్టువాడు వచ్చి నీ గడిలో అడుగెట్టేడనుకోండి, నువ్వు చచ్చినట్టు. చచ్చినవాడు ఇంటికెళ్లి మళ్లీ మొదట్నుంచీ రావాలి కదా. అరుగు మీద ఆడితే ఇల్లంటే ఒక గడి. మా ఆటలో ఇల్లంటే నిజంగా వాడి ఇల్లేనండి."

"ఊళ్లోవాళ్లకైతే ఫర్వాలేదులెండి," అన్నారు మాస్టారు.

"అక్కడే వచ్చింది చిక్కు. నాలుగో రోజుకి కబురు పాకి ఉప్పలగుప్తం నుంచి జనం దిగేరు. వాళ్లలో చచ్చినవాడల్లా ఉప్పలగుప్తం వెళ్లి, సొంత గుమ్మం తాకి, మళ్లీ రావాలి. రోడ్డంతా వెళ్లే శవాలూ, వచ్చే శవాలూ. దారిలో ఎదురుపడి చేతులూపుకోడాలు, నువ్వెప్పుడు పోయేవు అంటే నువ్వెప్పుడు పోయేవు అని పలకరింపులు. వాళ్లందర్నీ తిప్పింది మన హరిబాబు ఆటోయేనండి."

"నా ఆటో మీద చింతకొమ్మ విరిగి పడింది కదండీ మావయ్యగారూ. ఇవాళ్టికీ షెడ్డులోనే ఉందండి."

"నువ్వు భోజనానికెళ్లినప్పుడు తీసేనురా."

"టాపు లేకుండానా అండీ?"

"గాలి బాగా తగిలిందన్నారు ఎక్కినవాళ్లు. అదీగాక ఆ రోజు శనివారం. ఏడు శనివారాల మొక్కులో ఆఖరిది తీర్చుకోడానికి వాడపల్లి గుడికి వెళ్తున్న బస్సొకటి, చెట్లడ్డం పడి మా వీధి చివర ఆగింది. యాభై మంది దిగేరు. దిగినవాళ్లు ఏడాటలు ఆడితే గానీ బస్సెక్కలేదు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, ఆఖరికి తనూ దిగి ఒక గడిలో నిలబడ్డాడు. ఇన్ని వందల మంది ఆడుతుంటే కొబ్బరి చిప్పలు ఎవరికి కనిపిస్తాయండీ? అప్పుడేం చేసేనో తెలుసా?"

భవాని మా ముగ్గురికీ టీ గ్లాసులందించింది. నేనే చెప్పేను.

"కాలువ రేవులో నావలు నాలుగు కట్టి ఉన్నాయి. తాళ్లు విప్పేను. ఆకాశంలో గాలి కాస్త మిగిలుంది కదా, అది వచ్చి నావల కింద దూరింది. నాలుగూ లేచేయండి, కొబ్బరి మొవ్వుల దాకా. లేచి, గిరగిరా తిరిగి, చేలో పడ్డాయి. మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా. మూడు. ఎదుటి జట్టు ఒప్పుకోలేదు, సరిగ్గా వెయ్యలేదు, ఇంకోసారి వెయ్యమన్నారు. ఇంకోసారి వేసేను."

"నావల్లో ఎవరూ లేరు కదండీ?" అన్నారు మాస్టారు.

"ఒక్కడున్నాడండి. ముత్యాలరాజు. వల బాగుచేసుకుంటూ నిద్రోయేడు. ఇప్పటికీ వాడికి తెలీదు, మీరు చెప్పకండి."

హరిబాబు టీ గ్లాసులోకి నవ్వేడు. నవ్వితే నవ్వనీ. మాస్టారు మాత్రం కాయితం మీద పెన్ను పెట్టి కూర్చున్నారు, ఇంకా ఏ పేరూ రాయలేదు. ఇప్పుడు గట్టిగా ఒక దెబ్బ కొడితే చలపతి పేరు లేచిపోతుందనుకున్నాను.

"నడిమి గడి, కాయలు పండే గడి, ఎక్కడొచ్చిందనుకున్నారు? తిన్నగా చలపతి గేటుకి ఎదురుగా వచ్చిందండి. నేను కావాలని పెట్టలేదు, తుఫాను పెట్టింది. పండినవాడల్లా అక్కడ నిలబడి ఈలలు. చలపతి కుర్చీ వేసుకుని చూస్తూ ఉండిపోయేడు, పక్కన పదిహేను ఫోన్లు, ఒక్కటీ మోగదు. ఐదో రోజుకి జనరేటరే ఆగిపోయిందండి. డీజిల్ ఉంది. తాడు లాగితే కదలదు. ఏవైందా అని దగ్గరికెళ్లి చూస్తే, ఏవీ అవలేదు, మా కేకలు వింటోందండి అది."

"జనరేటరా అండీ?" అంది భవాని.

"దానికి మాత్రం సరదా ఉండదామ్మా? అసలు సంగతి ఇంకా చెప్పలేదు. కరెంటువాళ్లు ఆరో రోజు వచ్చేరనుకుంటున్నారు కదా మీరంతా? మూడో రోజే వచ్చేరండి, నిచ్చెన్లేసుకుని. తీగ కలిపేసి వెళ్తామన్నారు. వీధంతా వాళ్ల కాళ్లమీద పడింది. బాబ్బాబు, ఈ ఆట అవనివ్వండి అని. సరే, ఒక్కసారి మేవూ వేసి చూస్తాం అన్నారు. అంతే, మూడు రోజులు బయటికి రాలేదు. వాళ్లలో పెద్దాయన ఇంటూ గుర్తున్న గడిలో నిలబడ్డాడు. ఆ గడిలో ఉన్నవాణ్ణి ఎవరూ చంపకూడదు కదండీ. ఉద్యోగంలో చేరేక ఇంత నిశ్చింతగా ఎప్పుడూ లేను, ఇక్కణ్ణుంచి కదలనన్నాడు. ఆరో రోజు వాళ్లావిడ వచ్చి తీసుకెళ్లింది. అప్పుడొచ్చింది కరెంటు. ఆరు రోజుల దాకా రాలేదంటే కారణం నేనేనండి."

భవాని గరిటె పక్కన పెట్టింది. "అయితే నా ఫ్రిజ్జులో ఇరవై లీటర్ల పాలు విరిగిపోయింది మీ వల్లేనన్నమాట బాబాయిగారూ."

ఆ మాట వినపడనట్టు మాస్టారి వైపు తిరిగేను.

"చెప్పండి మాస్టారూ. శాలువా నాకు కావాలని కాదు. ఇంట్లో రెండున్నాయి. న్యాయం అడుగుతున్నాను. వాడు ఫోన్లకి ఛార్జింగు పెట్టేడు, నేను మనుషులకి పెట్టేను. ఆరు రోజులు నేను ఫోను మొహం చూస్తే ఒట్టు. చలపతి గడప తొక్కితే ఒట్టు."

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. జేబులోంచి ఫోను తీసేరు.

"ఆ ఆరు రోజులూ ఈ ఊరి నుంచి నాకు ఒక్కరి దగ్గర్నుంచీ కబురు లేదండి బుల్లబ్బాయిగారూ. మీ దగ్గర్నుంచి తప్ప. రోజూ పొద్దున్న ఆరింటికి ఒక గులాబీ పువ్వు. కింద శుభోదయం."

టీ వేడిగా ఉందన్నట్టు ఊదుకున్నాను.

"చలపతిగారి మేడ మీద ఆఖరి మెట్టెక్కితే ఒక్క గీత సిగ్నల్ వచ్చిందటండి," అన్నాడు హరిబాబు. "అక్కడ మాత్రమేనండి."

"అది ముందే పంపి ఉంచిన పువ్వు అయ్యుంటుందిరా. దారిలో ఆగిపోయి..."

"నాలుగో రోజు పువ్వు రాలేదండి," అన్నారు మాస్టారు. "ఫొటో వచ్చింది."

ఆ ఫొటో సంగతి నేను మర్చిపోయేను. నిజంగా మర్చిపోయేను. హరిబాబూ, భవానీ ఫోను మీదికి వంగేరు. నేను వంగక్కర్లేదు, అందులో ఏవుందో నాకు తెలుసు. చలపతి అరుగు, ఆకుపచ్చ స్తంభాలు. నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాను. గోడవారగా ఛార్జింగుకి పెట్టిన ఫోన్ల వరస. మధ్యలో సుద్దగీతల అష్టాచెమ్మా, దానికి అటు చలపతి, ఇటు నేను. పడీ పడీ నవ్వుతున్నాం ఇద్దరం. తీసింది రమణమ్మ. కింద నేనే రాసేను, కాలక్షేపం బాగుంది మాస్టారూ, అన్నాటలూ నావే అని.

హరిబాబు రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసేడు. "మావయ్యగారూ, మీ కాయలు నాలుగూ ఇంట్లోనే ఉన్నాయండి. ఒక్కటీ బయల్దేరలేదు. చలపతిగారివి మూడు పండిపోయేయి."

"అప్పుడే మొదలెట్టేం," అన్నాను.

మాస్టారు నవ్వలేదు. "మా అమ్మాయి ఈ ఫొటో చూసి, ఊళ్లో అందరూ బాగానే ఉన్నట్టున్నారు నాన్నా, పడుకోండి అంది. మూడు రోజుల తర్వాత ఆ రోజే నాకు కన్ను మూతపడిందండి." కాయితం మీద రెండు పేర్లు రాసేరు. "శాలువా చలపతిగారికి. ఆయన గురించి మాట్లాడేది మీరు. నేను పెట్టింది కాదు, బుల్లబ్బాయి మాట్లాడితేనే వస్తానన్నారాయన. అయిదు నిమిషాలు."

చూసేరా? జనరేటరూ వాడిదే, మేడా వాడిదే, ఆటా వాడే గెలిచేడు. ఇప్పుడు పెద్దమనసు కూడా వాడిదే అయిపోయింది. నాకు మిగిలింది అయిదు నిమిషాలు.

"అయిదు నిమిషాలెక్కడ సరిపోతాయండీ?" అన్నాను. "ఒక్క జనరేటర్ గురించి చెప్పాలంటేనే అరగంట. అదేం మామూలు జనరేటర్ కాదు మాస్టారూ. మొదటి రోజు దాని తాడు చలపతి లాగేడు, రాలేదు. చెరువు మీద పనివాళ్లు నలుగురు లాగేరు, రాలేదు. ట్రాక్టరుకి కట్టి లాగితే ట్రాక్టరే వెనక్కొచ్చింది. అప్పుడు జనంలోంచి ఒక్క మనిషి ముందుకొచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి..."

భవాని ఖాళీ గ్లాసులు ఎత్తుతూ ఆగింది.

"ఆ మనిషి ఎవరో నేను చెప్పనాండీ బాబాయిగారూ?" అంది.